రెండో ఓటు

ఎన్నికలొచ్చాయంటే జంగయ్యకు చేతినిండా పని. గొర్రెలను భార్య గుర్వమ్మకు అప్పజెప్పి, గొంగడి భుజాన వేసుకుని, తిరుమలగిరిలో ఏ పార్టీ మీటింగు ఉంటే ఆ మీటింగుకు పోయేవాడు. ఊరి నుంచి ఆరు కిలోమీటర్లు. ట్రాక్టర్లో ఎక్కించుకుంటామన్నా ఎక్కడు, బిర్యానీ పొట్లం చేతిలో పెట్టినా పుచ్చుకోడు. నడిచి పోయి, చివరిదాకా నిలబడి విని, నడిచి వచ్చేవాడు. జనం అతణ్ణి పిచ్చివాడని మొహం మీద అనలేదు. వెనకాల అనడానికి మాత్రం ఎవరూ మొహమాటపడలేదు.

అతనికి కావలసింది ఒక్కటే సంగతి. ఇస్తామన్నవాడు ఎక్కణ్ణుంచి తెచ్చి ఇస్తాడో చెప్పాలి. చెప్పినవాడికి ఓటు. ఇంత చిన్న ప్రశ్నకు జవాబు దొరక్క ఆ మనిషి మూడు అసెంబ్లీ ఎన్నికలు కాళ్లరిగేలా తిరిగాడు.

జంగయ్యది కురుమ ఇల్లు. తండ్రి అతనికి అక్షరాలు చెప్పించింది ఐదో తరగతి వరకే, కానీ మందను కాపాడుకునే నియమం ఒకటి గట్టిగా నేర్పి పోయాడు. పొట్టేలు పిల్లలను అమ్ముకో, ఉన్ని అమ్ముకో, కోసిన మళ్లలో మంద పెట్టి ఎరువుకు బదులు వడ్లు తెచ్చుకో. ఈనే గొర్రెను మాత్రం అమ్మకు. తల్లి గొర్రెను అమ్మినవాడు ఆ యేడు పండుగ చేసుకుంటాడు, మూడో యేడు కూలికి పోతాడు. జంగయ్య ఇంటి పైకప్పు కూలినప్పుడు రెండు వానాకాలాలు తాటిపత్రి పట్టా కింద గడిపాడు గానీ తల్లి గొర్రె మెడకు తాడు వేయలేదు. గుర్వమ్మ తిట్టని తిట్టు లేదు. తిట్టి తిట్టి, కారే చోట గిన్నె పెట్టి పడుకునేది. పెళ్లయి నకిరేకల్‌లో ఉన్న కూతురు స్వర్ణ ఇప్పటికీ ఆ గిన్నెల చప్పుడు గురించి చెప్పి నవ్వుతుంది.

సర్కారును కూడా అతను మందను చూసినట్టే చూశాడు. తెలంగాణ వచ్చిన యేడు, మనది మిగులు రాష్ట్రం అని అందరూ అంటుంటే, నిండు మందను చూసినంత సంబరపడి ఓటేశాడు. తర్వాత తర్వాత పేపర్లో అప్పుల సంగతులు రావడం మొదలైంది. హైదరాబాద్ దిక్కున సర్కారు జాగాలు వేలం వేస్తున్నారని చదివిన రోజు అన్నం సరిగా తినలేదు. ఈనే గొర్రెను అంగడికి తోలారు అన్నాడు. రెండోసారి ఓటు ఎదుటి పార్టీకి వేశాడు. మూడోసారి వచ్చేసరికి ఆ ఎదుటివాళ్లు కూడా వీళ్లకంటే రెండింతలు ఇస్తామని మైకులు పగిలేలా అరుస్తున్నారు. అత్త సొమ్ము అల్లుడి దానం అని ఊరికే అనలేదు పెద్దలు. ఇక్కడ అల్లుళ్లు ఇద్దరు, పోటీ పడి దానం చేస్తున్నారు.

"నీ ఎకరం భూమికి రైతుబంధు పైసలు నువ్వు తీస్కోలేదానే జంగన్నా?" అని చాయ్ హోటల్ దగ్గర ఎవరో ఎకసెక్కెమాడారు.

"తీస్కున్న. ఇస్తుంటె వద్దన్నోడు యెర్రోడు. యాడికెళ్లి ఇస్తున్నవని అడగనోడు ఇంకా పెద్ద యెర్రోడు."

"సర్కారంటే నీ గొర్ల మంద అనుకుంటున్నవా?"

"గొర్ల మందైతే గింత ఫికర్ ఎందుకుంటది? అది ఖరాబైతే నా ఒక్కనిది వోతది."

మూడోసారి, అంటే రెండువేల ఇరవై మూడు నవంబరులో, అతనికి కృష్ణకాంత్ కనబడ్డాడు. నకిరేకల్ దిక్కున కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. పేరు కూడా సరిగా ఎవరికీ తెలియని చిన్న పార్టీ. ఒక ఆటో, ఒక మైకు, వెంట నలుగురు. తిరుమలగిరి చౌరస్తాలో ఎవరో లేచి, మా కులానికి ఫంక్షన్ హాలు కట్టిస్తవా అని అడిగారు. కట్టించను, పైసలు లేవు అన్నాడాయన. ఉన్న అప్పులకు మిత్తి కట్టడానికే బోలెడు పోతున్నది, ముందు దవాఖాన, బడి, రోడ్డు, మిగిలితే అప్పుడు చూద్దాం అన్నాడు. జనం గొల్లున నవ్వి తలా ఓ దిక్కు పోయారు. జంగయ్య ఒక్కడూ అక్కడే నిలబడిపోయాడు. మైకులో "లేదు" అన్న మాటను అతను జన్మలో మొదటిసారి విన్నాడు.

ఇంటికొచ్చి గుర్వమ్మకు చెప్పాడు. "దొరికిండే."

"ఎవలు?"

"లేదన్నోడు."

"లేదన్నోనికి ఓటేస్తే ఏమొస్తది?" అన్నది గుర్వమ్మ. ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు.

ఊరి సర్పంచ్ మల్లన్న కురుమ సంఘానికి కూడా పెద్ద. గుర్వమ్మ పుట్టింటిది, అతనిది ఒకటే ఇంటిపేరు. ఆమెను అక్కా అని, జంగయ్యను బావా అని పిలుస్తాడు. ఊళ్లో మురుగు మోరీలు, శ్మశానంలో షెడ్డు, చెట్ల తోట, అన్నీ మిత్తికి తెచ్చిన పైసలతో కట్టించాడు. పైనుంచి రావలసిన బిల్లులు రావడం లేదు. అప్పులవాళ్లు వస్తున్నారు.

ఆ నెలలోనే ఒక పెద్ద పార్టీ అభ్యర్థి మనుషులు వచ్చి కురుమల కులదైవం బీరప్ప గుడికి ప్రహరీ కట్టిస్తామన్నారు. సగం పైసలు ఇప్పుడు, సగం గెలిచాక. బదులుగా సంఘంలోని నూట పది ఇళ్ల ఓట్లూ గంపగుత్తగా వాళ్లకే పడాలి. మాట గట్టిదని చెప్పడానికి ఇంటికొకరు బీరప్ప ముందు బండారి పట్టాలి. బండారి అంటే దేవుడి పసుపు. పిడికిట్లో పట్టుకుని చెప్పిన మాట తప్పితే మంద మట్టి కొట్టుకుపోతుందని కురుమల నమ్మకం. అబద్ధాలలో ఆరితేరినవాళ్లు కూడా బండారి ముందు నోరు మెదపరు.

ఆదివారం పొద్దున గుడి ముందు వరుసగా ఒక్కొక్కరు పట్టారు. వంతు వచ్చేసరికి జంగయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"బండారి దేవునిది, ఓటు నాది. నేను వట్ట," అన్నాడు.

"బావా, గుడి కోసమే గదనే," అని బతిమాలాడు మల్లన్న.

"గా గోడ పైసలు యాడియని అడిగినవా?"

"అడిగితే ఇస్తరా? ఇస్తున్నరు, తీస్కుంటున్నం. జర మంది ముంగట ఇజ్జత్ తియ్యకు."

గుడి ముందు అందరూ ఒక్కసారే అరవడం మొదలుపెట్టారు. అప్పుడు గుర్వమ్మ ఆడవాళ్లలోంచి లేచి వచ్చి, పళ్లెంలోంచి పిడికెడు పసుపు తీసుకుంది. "మా ఇంటికెళ్లి నేను వడుతున్న. నా ఓటు మీరు చెప్పినోనికే. బీరప్ప సాచ్చిగ," అని నుదుటికి రాసుకుంది. అరుపులు ఆగాయి.

దారిలో ఆమే అందుకుంది. "మాఘంల మందల కలుపుకోకుంటే ఈ వయసుల నువ్వూ నేనూ గొర్లను యాడికి తోలుకపోతం? నాలుగిండ్లోళ్లు కలిస్తెనే వలస. నీ ఓటు నీ ఇష్టం. నాది దేవునికి చెప్పిన, అయిపాయె."

ఆమె మాట నిజం. వేసవికి ముందు నాలుగు ఇళ్ల గొర్రెలను ఒక్కటి చేసి ఖమ్మం దిక్కు కోసిన మళ్లకు తోలుకుపోతే తప్ప ఈ రాళ్ల నేల మీద మంద బతకదు. జంగయ్యకున్నవి నలభై మూడు గొర్రెలు. ఇద్దరు ముసలివాళ్లు వాటిని వెంటబెట్టుకుని హైవేలు దాటి పోలేరు. అందుకని అతను ఆమెను ఏమీ అనలేదు.

ఓట్ల నాడు ఇద్దరూ కలిసే బడికి పోయారు. గుర్వమ్మ కళ్లకు పొర వచ్చి అప్పటికి రెండేళ్లు. మల్లన్న ముందు రోజే అట్ట మీద అంటించిన నమూనా తెచ్చి, "మీదికెళ్లి మూడోదక్కా, మరిచిపోకు," అని ఆమె వేలు పట్టి మూడుసార్లు నొక్కించి పోయాడు. కృష్ణకాంత్ గుర్తు నాలుగోది. జంగయ్య నాలుగోది నొక్కి, అద్దం వెనక కాగితం పడిందాకా చూసి బయటికొచ్చాడు. గుర్వమ్మ కుయ్‌మన్న చప్పుడు విని వచ్చేసింది.

లెక్కింపు నాడు పెద్ద పార్టీ అభ్యర్థి గెలిచాడు. ఏ పోలింగ్ బూతులో ఎవరికి ఎన్ని పడ్డాయో ఏజెంట్లు రాసుకొచ్చారు. ఆ ఊరి బూతులో కృష్ణకాంత్‌కు రెండు ఓట్లు.

ఆ సంగతి విని జంగయ్య సంబరపడ్డాడు. ఒకటి తనది. అంటే ఈ ఊళ్లో తనలాగే ఆలోచించేవాడు ఇంకొకడున్నాడు! రెండు రోజులు మనిషి మనిషినీ ఎగాదిగా చూస్తూ తిరిగాడు. మంగలాయనా, పోస్టాయనా, లేకుంటే బడి పంతులా అని ఊహించుకుని మురిశాడు. ఇరవై ఏళ్ల తర్వాత చుట్టం దొరికినట్టుంది అతని వాలకం.

ఆ మురిపెం వారం నిలవలేదు. గుడి గోడకు మిగతా సగం పైసల కోసం సంఘం వాళ్లు పోతే, గెలిచిన అభ్యర్థి మనుషులు నింపాదిగా ఒక మాట అన్నారు. అన్ని ఓట్లూ అన్నారు, రెండు తప్పాయి, ఒప్పందం మీరే తప్పారు. ఎగ్గొట్టేవాడికి సాకు దొరకడమే ఆలస్యం. ఆ మాట ఊళ్లోకి వచ్చేసరికి లెక్కలు మొదలయ్యాయి. రెండు ఓట్లలో ఒకటి జంగయ్యది, అతను దాచలేదు, ప్రమాణమూ చేయలేదు. మరి రెండోది? బయటి కులాలవాళ్లకు ఆ పార్టీ పేరే తెలియదన్నారు. ఒకే ఇంట్లో ఒకే కుండలో వండుకుని తినే మనిషిది కాక ఇంకెవరిది?

గుర్వమ్మను గుడి దగ్గరికి పిలిచారు. "మూడోదే ఒత్తిన. మల్లన్న తమ్ముడే చూపిచ్చిండు, అడుగుండ్రి," అన్నది. మల్లన్న తల వంచుకుని, చూపించిన మాట నిజమే అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. ఎవరూ జరిమానా వేయలేదు, వెలి అన్న మాట ఎత్తలేదు, అవన్నీ చట్టానికి దొరికే మాటలు. బండారి తప్పిన ఇంటి గొర్రెలు కలిస్తే మా మందకు కీడు అన్నారు, అంతే. మాఘమాసంలో మూడు ఇళ్ల గొర్రెలు ఊరు దాటి పోయాయి. జంగయ్య గొర్రెలు దొడ్డిలో నిలబడి వాటి మెడగంటలు విన్నాయి.

ఆ యేడు వానలు ముందే మొహం చాటేశాయి. శివరాత్రి దాటేసరికి బీడు మీద గడ్డిపరక లేదు. తుమ్మకాయలు రాల్చి, కొమ్మలు నరికి వేశారు. అవి అయిపోయాయి. ఎక్కడో తాగిన మురుగు నీళ్లకు గొర్రెలకు పారుడు రోగం తగులుకుంది. మందు వేయించినా ఆరు పిల్లలు, మూడు పెద్దవి పోయాయి. చచ్చినదాన్ని గుంతలో వేసినప్పుడల్లా గుర్వమ్మ గుడి దిక్కు తిరిగి చూసేది. ప్రతి ఆదివారం పదకొండు బిందెల నీళ్లు మోసి గుడి మెట్లు కడగడం మొదలుపెట్టింది. అటుగా పోయే మల్లన్న ఆమెను చూసి దారి మళ్లేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఎండిన వాగులో గొర్రెలను నిలిపి ఇద్దరూ బండ నీడన కూర్చున్నారు. గుర్వమ్మ తన కుడి చూపుడు వేలును చాలాసేపు చూసుకుంది.

"ఏమయ్యా, నా వేలు గిట్ల తప్పిందంటవా?"

"ఏంది?"

"మూడోదే ఒత్తిన. నాకు ఎరుకే. కానీ కండ్లు మసక గద. నీది నాలుగోదంటివి. పక్కపక్కనే ఉంటయి గద. మీద ఒత్తిన అనుకుని కింద ఒత్తిన్నేమో?"

ఆ పొద్దున్నే ఇంకో తల్లి గొర్రె కాళ్లు తన్నుకుని చచ్చింది. జంగయ్య ఒళ్లంతా ఎండ. ఊరంతా అంటున్న మాట ఇప్పుడు ఆమే అంటోంది. ఈ సంగతి ఇక్కడితో తేలిపోతే చాలనిపించింది.

"తప్పినా తప్పొచ్చు," అన్నాడు. "ముసలి కండ్లాయె. నువ్వు కావాలని చేసినవా? దేవునికి తెల్వదా? ఇగ ఊకో."

ఓదార్పు మాటే అనుకుని అన్నాడు. గుర్వమ్మ తల ఊపింది. మళ్లీ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఆ నాటి నుంచి ఆమె ఒక్కపూటే తిన్నది. తెలియక చేసినా తప్పు తప్పే కదా అని పక్కింటామెతో అన్నదట. అంతకుముందు మెట్లు కడిగినప్పుడు నన్ను నమ్ము తండ్రీ అని మొక్కేది. ఇప్పుడు క్షమించు అని మొక్కుతోంది. ఆ తేడా జంగయ్య పట్టించుకోలేదు. పట్టించుకునే తీరిక కూడా లేదు, ఆ వారంలోనే అతను పదకొండు ఈనే గొర్రెలను తిరుమలగిరి అంగడికి తోలాడు. మిగతావాటికి మేత కొనాలి. కొన్నవాడు వాటి నడుములు పట్టి చూసి సగం ధరకు అడిగాడు. తండ్రి నేర్పిన నియమం, కూలిన కప్పు కింద కూడా తప్పని నియమం, ఆ సంతలో తప్పింది. ఇంటికొచ్చి గొంగడి ముఖం మీద కప్పుకుని పడుకున్నాడు.

ఏప్రిల్ చివర్లో గుర్వమ్మ పోయింది. ఆదివారం పన్నెండు గంటల ఎండలో తొమ్మిదో బిందె దించి పదోదానికి పోతూ బోరింగు దగ్గర పడిపోయింది. పొద్దున ఏమీ తినలేదు. ఆటోలో సూర్యాపేట దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ఒళ్లు చల్లబడింది. వడదెబ్బ అన్నారు.

చావుకు మాత్రం సంఘం అంతా వచ్చింది. పాడె ముందు కొన మల్లన్న పట్టాడు. పిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇంటి ఆడబిడ్డ కదా, అంత ప్రేమ ఉంటుంది మరి అనుకున్నారు చూసినవాళ్లు. బండారి తప్పింది గానీ మనిషి మంచిదే అని కూడా అనుకున్నారు. ఆ మాట జంగయ్య చెవిన పడింది. తల వంచుకున్నాడు గానీ కాదనలేదు.

పదో నాడు స్వర్ణ లోపల వంట చేయిస్తుంటే, జంగయ్య దొడ్డి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మల్లన్న వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపు పుల్లతో మట్టి గీకాడు.

"బావా, గా రెండో ఓటు నాది."

జంగయ్య అతని ముఖంలోకి చూశాడు.

"గోడ పైసలు తెచ్చింది నేనే, అందరికి బండారి వట్టిచ్చింది నేనే. నేను వట్టినప్పుడు నిజంగ గా పార్టీకే వేద్దమనుకున్న. మిషిని కాడ నిలవడితే చెయ్యి రాలే. మోరీల బిల్లు రాలే, షెడ్డు బిల్లు రాలే, నూటికి మూడు మిత్తి కడుతున్న. ఖజానల పైసల్లేవని నాకంటె ఎవలికెరుక? ఆ సారొక్కడే ఉన్నమాట చెప్పిండు. గాయనకే ఒత్తిన."

లోపలి నుంచి స్వర్ణ ఎవరినో పిలుస్తున్న గొంతు వినబడింది.

"గుడి కాడ అక్క నా దిక్కు చేయి చూపిచ్చినప్పుడు చెప్పాల్సింది. చెప్తే సంఘం నన్ను బతకనియ్యదు, బిల్లులు ఇగ జన్మల రావు. రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకుంట ఇయ్యాల్టికొచ్చిన. ఆమె బిందెలు మోస్తుంటె చూడలేకపోయిన."

జంగయ్య అతణ్ణి కొట్టలేదు. కొట్టడానికి చెయ్యి లేవలేదు. "ఆమెకొక్కతికన్న చెప్పకపోతివిర," అన్నాడు. "బతికున్నప్పుడు చెవుల వేస్తే సాలు గద. ఎవలికి చెప్పకపోతుండె ఆమె."

మల్లన్న కళ్లు తుడుచుకున్నాడు. "ఊరంత ఏమన్న అననీ, ఇంట్ల నువ్వున్నవు గద అనుకున్న. నువ్వన్న ఆమెను నమ్ముతవు గద అనుకున్న బావా."

వాగులో బండ నీడన తాను అన్న మాట జంగయ్యకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. మూడు ఎన్నికల్లో ఎంతెంత పెద్దవాళ్ల మాటనో ఆరా తీయకుండా నమ్మనివాడు, నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి మీద పడ్డ నిందను ఏ ఆరా లేకుండా నమ్మాడు.

"నేను గూడ నమ్మలే మల్లన్నా," అన్నాడు. ఆ తర్వాత అతనికి ఏడుపు వచ్చింది.